కాగితం మీద మొదలయ్యే కంప్యూటర్ పోటీ

స్వర్ణోత్సవాల గుర్తుగా బడికి ఏమిద్దామని మన సంఘం సమావేశాల్లో మాట వచ్చిన ప్రతిసారీ మొదట వినిపించే జవాబు కంప్యూటర్లే. కొత్త ల్యాబ్ కట్టించి, ఇరవయ్యో ముప్పయ్యో యంత్రాలు కొని, గుమ్మం పక్కన దాతల పేర్లతో శిలాఫలకం పెట్టిద్దామని చాలామంది మిత్రుల అభిప్రాయం. దానితోపాటు ఈమధ్య ఇంకో మాట కూడా వినబడుతోంది. మన బడి పిల్లల్ని కంప్యూటర్ ఒలింపియాడ్ లాంటి పోటీలకు పంపాలని. రెండూ మంచి కోరికలే. అయితే మొదటిది జరిగితే రెండోది దానంతటదే జరుగుతుందని మనలో చాలామంది నమ్మకం. ఆ పోటీల చరిత్ర చదివితే ఆ నమ్మకం నిలవదు. పిల్లల్ని బాగా సిద్ధం చేసిన దేశాలు యంత్రం దగ్గర మొదలుపెట్టలేదు. ఎక్కడ మొదలుపెట్టాయో, మన బడి ఎక్కడ మొదలుపెట్టవచ్చో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రావెట్స్‌లో పది గడులు

1987 అక్టోబరులో పారిస్‌లో యునెస్కో 24వ సర్వసభ్య సమావేశం జరిగింది. గణితానికి 1959 నుంచి, భౌతికశాస్త్రానికి 1967 నుంచి బడిపిల్లల అంతర్జాతీయ ఒలింపియాడ్‌లు ఉన్నాయి కదా, కంప్యూటర్ విద్యకు కూడా అలాంటిది ఒకటి ఉండాలని అక్కడ బల్గేరియా ప్రతినిధి, గణిత శాస్త్రవేత్త బ్లాగోవెస్ట్ సెందోవ్ ప్రతిపాదించారు. యునెస్కో ఒప్పుకుంది. 1989 మే నెలలో బల్గేరియాలోని ప్రావెట్స్ అనే చిన్న పట్టణంలో మొదటి అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్ జరిగింది. 13 దేశాల నుంచి 46 మంది పిల్లలు వచ్చారు.

ప్రావెట్స్ అప్పటికే కంప్యూటర్ల ఊరు. అమెరికా వారి ఆపిల్-2కు దీటుగా బల్గేరియా తయారుచేసుకున్న చిన్న కంప్యూటర్లకు ఆ ఊరి పేరే పెట్టారు. ఆ దేశాన్ని మూడు దశాబ్దాలకు పైగా ఏలిన తోదోర్ జివ్‌కోవ్ పుట్టిందీ అక్కడే. పోటీ జరిగిన ఆరు నెలలకే, ఆ ఏడాది నవంబరులో, జివ్‌కోవ్ గద్దె దిగిపోయాడు. ఆయన నడిపిన వ్యవస్థ కూలిపోయింది గాని పోటీ ఆగలేదు. మరుసటి ఏడు మిన్‌స్క్‌లో, తర్వాత ఏథెన్స్‌లో, ఆ తర్వాత బాన్‌లో జరిగింది. కరోనా కాలంలో కూడా, 2020, 2021 సంవత్సరాల్లో, ఆన్‌లైన్‌లో జరిపారు. ఇప్పుడు ఏటా 80కి పైగా దేశాల నుంచి 300 మందికి పైగా పిల్లలు పాల్గొంటున్నారు. దేశానికి నలుగురు. రెండు రోజుల పోటీ, రోజుకు ఐదు గంటలు. వెళ్లేది జట్టుగానే అయినా, పోటీ గదిలో ఎవరి లెక్క వారిదే.

ప్రావెట్స్‌లో ఇచ్చిన ప్రశ్న ఎలాంటిదో చెబుతాను. ఒక వరసలో పది గడులున్నాయి. వాటిలో పక్కపక్కనున్న రెండు ఖాళీ. మిగిలిన ఎనిమిదింటిలో నాలుగు 'ఎ'లు, నాలుగు 'బి'లు కలగాపులగంగా ఉన్నాయి. పక్కపక్కనున్న ఏ రెండు అక్షరాలనైనా, వాటి వరస మార్చకుండా, ఆ ఖాళీ గడుల్లోకి జరపవచ్చు. అలా జరుపుతూ పోయి 'ఎ'లన్నీ 'బి'లన్నిటికీ ఎడమవైపు చేరేలా చెయ్యాలి. అసలు దారి ఉందా, ఉంటే అన్నిటికన్నా తక్కువ ఎత్తుల దారి ఏది అన్నది ప్రోగ్రాము చెప్పాలి.

ఇది అర్థం కావడానికి కంప్యూటర్ అక్కర్లేదు. సుద్దముక్కతో నేలమీద పది గడులు గీసి, నాలుగు చింతపిక్కలు, నాలుగు గవ్వలు పెట్టుకుంటే వామనగుంటలు ఆడినట్టే ఆడుకోవచ్చు. కాసేపు ఆడగానే పిల్లలకు ఒక చిక్కు ఎదురవుతుంది. తిరిగి తిరిగి మొదటి అమరికకే వచ్చేస్తుంటారు. అప్పుడు ఎవరో ఒక పిల్ల, వచ్చిన అమరికలన్నీ కాగితం మీద రాసుకుంటూ పోదాం అంటుంది. ఒక ఎత్తులో చేరగలిగినవి ఒక వరస, రెండు ఎత్తుల్లో చేరగలిగినవి దాని కింద ఇంకో వరస, ఇదివరకు వచ్చినవి కొట్టివేత. అలా రాసుకుంటూ పోతే కావలసిన అమరిక మొదటిసారి ఏ వరసలో కనబడుతుందో అదే అతి తక్కువ ఎత్తుల లెక్క. ఈ ఆలోచన తట్టిందంటే ప్రశ్నలో ముప్పావు వంతు పని అయిపోయినట్టే. విసుగు లేకుండా ఆ వరసలన్నీ నింపే చాకిరీ మాత్రమే యంత్రానిది.

యంత్రం లేని పాఠం

ప్రావెట్స్‌కు తూర్పు ఐరోపా దేశాల నుంచి వచ్చిన పిల్లల వెనక చాలా ఏళ్ల తయారీ ఉంది. సాయంత్రాలు బడి అయ్యాక గణిత వలయాలు నడపడం ఆ దేశాల్లో పాత అలవాటు. విశ్వవిద్యాలయం నుంచి ఒక ఆచార్యుడో పరిశోధక విద్యార్థో వచ్చి కొద్దిమంది పిల్లలతో కూర్చుని సిలబస్‌లో లేని లెక్కలు చేయించేవారు. మార్కులు లేవు, ఫీజు లేదు.

సోవియట్ యూనియన్ ఇంకో అడుగు వేసింది. సైబీరియాలోని నోవోసిబిర్స్క్‌లో పనిచేసిన కంప్యూటర్ శాస్త్రవేత్త ఆంద్రేయ్ యెర్షోవ్ 1976 నుంచీ పిల్లలకు వేసవి ప్రోగ్రామింగ్ బడులు నడిపాడు. 1981లో లాసాన్ నగరంలో జరిగిన అంతర్జాతీయ సదస్సులో, ప్రోగ్రామింగ్ అంటే రెండో అక్షరాస్యత అని వాదించాడు. ఆయన పట్టుదల వల్ల 1985 సెప్టెంబరు నుంచి దేశమంతటా పై తరగతుల్లో ఇన్ఫర్మాటిక్స్ తప్పనిసరి పాఠమైంది.

పాఠం వచ్చింది గాని యంత్రాలు రాలేదు. అంత పెద్ద దేశంలో బడికో కంప్యూటర్ గది అన్నది అప్పట్లో అయ్యే పని కాదు. యంత్రాలు వచ్చేదాకా ఆగుదామని వాళ్లు అనుకోలేదు. యంత్రం లేకుండానే చెప్పగలిగేలా పాఠ్యపుస్తకం రాశారు. బడుల కోసం ఒక ప్రత్యేకమైన రాత పద్ధతి తయారుచేశారు. మొదలు, చివర, ఒకవేళ, అంతవరకు లాంటి ఆదేశాలన్నీ అందులో రష్యన్ మాటల్లోనే ఉంటాయి. పిల్లలు నోటుబుక్కులో పద్ధతి రాసేవారు. పక్కన గళ్లు గీసి, ఏ మెట్టులో ఏ విలువ ఎంత అయిందో పెన్సిలుతో నింపుకుంటూ, తామే యంత్రమై ఆ పద్ధతిని నడిపి చూసేవారు. తప్పు ఎక్కడ దొర్లిందో ఆ గళ్లలో కళ్లకు కట్టినట్టు కనబడేది.

ఆ పద్ధతిని ఎగతాళి చేసినవాళ్లూ ఉన్నారు. నీళ్లు లేని చోట ఈత నేర్పినట్టు ఉందన్నారు. కాని 1988లో స్వెర్ద్‌లోవ్‌స్క్ నగరంలో తొలి అఖిల సోవియట్ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్ జరిగేసరికి, కాగితం మీద ఆలోచించడం అలవాటైన పిల్లలు దేశం నలుమూలలా ఉన్నారు. యెర్షోవ్ ఆ ఏడాది డిసెంబరులో కన్నుమూశాడు. ప్రావెట్స్ పోటీని చూడలేకపోయాడు.

మన తరం వాళ్లకు ఈ పద్ధతి మరీ కొత్తది కాదు. విశాలాంధ్ర పుస్తకశాలల్లో చవకగా దొరికిన పెరెల్మాన్ పుస్తకాలు చదివినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. అగ్గిపుల్లలు, నాణేలు, దారప్పోగులతోనే అంత లెక్కా అంత భౌతికశాస్త్రమూ చెప్పిన ఆ పుస్తకాలు ఈ సంప్రదాయం నుంచి వచ్చినవే.

తాళం వేసిన గది

సరిగ్గా అవే సంవత్సరాల్లో మన దేశం ఇంకో దారి పట్టింది. 1984-85లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం మొదలుపెట్టింది. బడుల్లో కంప్యూటర్ అక్షరాస్యత దాని లక్ష్యం. మొదట 250 బడులతో మొదలై, తర్వాత రెండున్నర వేలకు పైగా బడులకు విస్తరించింది. దీనికోసం సుమారు 12,000 బిబిసి మైక్రో కంప్యూటర్లు తెప్పించారు. బ్రిటన్‌లో ఎకార్న్ కంపెనీ తయారుచేసిన ఆ యంత్రంలో జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. ఇవాళ మన ఫోనులో ఒక ఫొటోకు కూడా అది చాలదు. అయినా ఆ రోజులకు అది మంచి యంత్రం, దానిమీద బేసిక్ భాష హాయిగా నేర్చుకోవచ్చు.

మన బడికి కంప్యూటర్ గది వచ్చిన కాలం పాత బ్యాచ్‌ల వాళ్లకు గుర్తుండే ఉంటుంది. చెప్పులు బయట విడవాలి. కిటికీలకు దళసరి తెరలు. తాళంచెవి ఎప్పుడూ ఒక్క సారు దగ్గరే. వారానికి ఒక పీరియడ్, ఒక్కో యంత్రం ముందు ఆరేడుగురం. మీట నొక్కే వంతు వచ్చేసరికి గంట కొట్టేవారు. ఆ సారును తప్పుపట్టలేం. యంత్రం పాడైతే సంజాయిషీ చెప్పుకోవలసింది ఆయనే. ఆయనకు దొరికిన శిక్షణ కొద్ది రోజులది. వచ్చిన పుస్తకాలన్నీ ఇంగ్లీషువి. ఆ యంత్రంతో పిల్లలు ఏ ప్రశ్నకు జవాబు వెతకాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు. కొన్నేళ్లకు గది ఉంది, యంత్రాలున్నాయి, వాడేవాళ్లే లేరు. చాలా బడుల్లో చదివిన మిత్రులు ఇదే కథ చెబుతారు.

ఈ రెండు దారుల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట యంత్రం లేదు, ప్రశ్నలున్నాయి. మరోచోట యంత్రం ఉంది, ప్రశ్నలు లేవు. పోటీకి పిల్లలు తయారైంది మొదటి చోట.

ఆవులు, ముగ్గులు

1990ల తర్వాత ఇంకొన్ని దేశాలు తమ తమ పద్ధతులు కనిపెట్టాయి. అమెరికాలో విస్కాన్సిన్-పార్క్‌సైడ్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు డాన్ పీలే చేతుల మీదుగా ఆ దేశపు కంప్యూటింగ్ ఒలింపియాడ్ మొదలైంది. వాళ్ల అభ్యాస ప్రశ్నలు ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చేసుకోవచ్చు. వాటిలో ఎక్కువ భాగం జాన్ అనే రైతు గురించి, బెస్సీ అనే ఆవు గురించి. కొట్టంలో ఆవుల్ని ఎలా కట్టాలి, ఏ దారిన తోలితే త్వరగా పాలు పితికే చోటికి చేరతాయి, కంచె ఎంత పొడవుండాలి, ఇవీ ప్రశ్నలు. విస్కాన్సిన్ పాడిపరిశ్రమకు పేరుపడ్డ రాష్ట్రం. తమ ఊరి బతుకులోంచే వాళ్లు ప్రశ్నలు పుట్టించారు. మన పిల్లలకు ఆవులూ కొట్టాలూ ఎవరైనా పరిచయం చెయ్యాలా?

న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయంలో టిమ్ బెల్, ఆయన సహచరులు కంప్యూటర్ లేకుండానే కంప్యూటర్ శాస్త్రం నేర్పే ఆటలు తయారుచేశారు. వాటిలో నాకు బాగా నచ్చింది నేలమీద గీసే క్రమబద్ధీకరణ వల. దాన్ని మన ముగ్గుపిండితో గీయవచ్చు. చుక్కల్ని గీతలతో కలిపినట్టే ఉంటుంది. ఆరుగురు పిల్లలు తలో అంకె కాగితం పట్టుకుని ఒక చివర నిలబడతారు. గీతల వెంట నడుస్తారు. ఒక చుక్క దగ్గర ఇద్దరు కలిసినప్పుడు చిన్న అంకె ఉన్నవాడు ఎడమ గీత, పెద్ద అంకె ఉన్నవాడు కుడి గీత పట్టాలి. అంతే నియమం. మొదట ఎలా నిలబడినా, రెండో చివరకు వచ్చేసరికి అంకెలు చిన్నవాటి నుంచి పెద్దవాటికి వరసలో ఉంటాయి. ఆరుగురికి 12 కలయికలు చాలు. ఒకేసారి మూడు చుక్కల దగ్గర మూడు జంటలు పోల్చుకోవచ్చు గనుక ఇంకా తొందరగా అయిపోతుంది. పెద్ద పెద్ద కంప్యూటర్లలో అనేక ప్రాసెసర్లు పని పంచుకోవడం వెనకున్న ఆలోచన ఇదే.

లిథువేనియాలో 2004లో వాలెంతినా దాగియెనే 'బేబ్రాస్' అనే పోటీ మొదలుపెట్టారు. ఆ మాటకు అర్థం బీవర్, అంటే వాగులకు కొమ్మలతో ఆనకట్టలు కట్టే జంతువు. ముందస్తు కంప్యూటర్ జ్ఞానం అవసరం లేని చిన్న చిన్న చిక్కుప్రశ్నల పోటీ అది. ఇప్పుడు మన దేశంలో కూడా ఎసిఎం ఇండియా వారి సిఎస్‌పాఠశాల ద్వారా భారతీయ భాషల్లో జరుగుతోంది. పెద్ద పోటీకి ముందు మెట్టుగా ఇది చక్కగా ఉంటుంది.

మన దేశంలో రెండు తలుపులు

అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌కు భారత జట్టు మొదటిసారి వెళ్లింది 1989లో, అంటే ప్రావెట్స్ పోటీ జరిగిన సంవత్సరమే. ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌కు మాత్రం ఇంకో 13 ఏళ్లు పట్టింది. 2002లో దక్షిణ కొరియాలోని యోంగ్-ఇన్‌లో మన జట్టు తొలిసారి పాల్గొంది. జట్టును ఎంపిక చేసే బాధ్యత ఐఎఆర్‌సిఎస్ అనే కంప్యూటింగ్ పరిశోధకుల సంఘానిది. చెన్నై మేథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఆచార్యులు మాధవన్ ముకుంద్ వంటివారు ఏళ్ల తరబడి ఈ పని భుజానికెత్తుకున్నారు.

వాళ్లు చేసిన ఒక ఏర్పాటు గురించి మన సంఘం ప్రత్యేకంగా తెలుసుకోవాలి. మొదటి వడపోతకు రెండు తలుపులు పెట్టారు. ప్రోగ్రాములు రాయడం వచ్చిన పిల్లలకు జోనల్ కంప్యూటింగ్ ఒలింపియాడ్, అది కంప్యూటర్ మీద. ప్రోగ్రాము రాయడం రాని పిల్లలకు జోనల్ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్, అది పూర్తిగా కాగితం, కలం మీద. రెండింటిలో ఏ తలుపు దాటినా జాతీయ స్థాయికి వెళ్లవచ్చు. అక్కడ నెగ్గితే శిక్షణ శిబిరం, ఆ శిబిరం నుంచి నలుగురి జట్టు. ఇంట్లో కంప్యూటర్ లేదన్న ఒక్క కారణంతో తెలివైన పిల్ల గుమ్మంలోనే ఆగిపోకూడదన్న ఆలోచన ఈ రెండో తలుపులో ఉంది. మన బడి లాంటి బడుల కోసమే అది పెట్టారా అనిపిస్తుంది.

ఆ కాగితం పరీక్షలో మార్కులిచ్చే తీరు కూడా ఆలోచించదగ్గది. నాలుగు ప్రశ్నలు, ఒక్కోదానికి 20 మార్కులు, మొత్తం 80. ఒక్కో ప్రశ్నలో మూడు భాగాలు. ప్రశ్న ఒకటే, ఇచ్చే అంకెలు వేరు. ఒక భాగం సరైతే 5 మార్కులు, రెండు సరైతే 10, మూడూ సరైతే 15 కాదు, 20. అంటే ఒకటి రెండు భాగాలు ఎలాగో తంటాలుపడి చేసినవాడికి సగం వరకే వస్తుంది. మూడూ చెయ్యాలంటే పద్ధతి దొరకాలి. దొరికినవాడికి దానికి తగ్గ ఫలితం ఉంటుంది.

ఒక చిన్న లెక్క

పద్ధతి దొరకడం అంటే ఏమిటో నేను సొంతంగా కట్టిన ఒక లెక్కతో చూపిస్తాను. ఒక మామిడితోటలో తొమ్మిది చెట్లు మూడు వరసల్లో ఉన్నాయి. ఒక్కో చెట్టు కింద రాలిన పండ్లు ఇన్ని:

2  5  3
3  1  2
4  6  1

పై ఎడమ మూల నుంచి బయలుదేరి కింది కుడి మూలకు చేరాలి. కుడికి గాని కిందికి గాని మాత్రమే నడవాలి. దారిలో చెట్ల కింది పండ్లన్నీ ఏరుకోవచ్చు. గరిష్ఠంగా ఎన్ని పండ్లు దొరుకుతాయి?

పిల్లలు మొదట చేసే పని, ఎక్కడికక్కడ పెద్ద అంకె వైపు పోవడం. 2 దగ్గర నుంచి 5, అక్కడి నుంచి 3, తర్వాత 2, 1. మొత్తం 13. కాని ఎడమ పక్కన కిందికి దిగి 2, 3, 4, 6, 1 అని వెళితే 16 వస్తాయి. దగ్గరున్న పెద్దదానికి ఆశపడితే దూరాన ఉన్న 6 చేజారిపోయింది.

రెండో పద్ధతి అన్ని దారులూ రాసి చూడటం. ఇక్కడ ఆరే దారులు గనుక పర్వాలేదు. తోట పది వరసలు, పది నిలువులు అయితే దారులు 48,620. ఇరవై ఇరవైలు అయితే 3,534 కోట్లకు పైనే.

మూడో పద్ధతి, ప్రతి చెట్టు దగ్గరా ఒక్కటే ప్రశ్న వేసుకోవడం. ఇక్కడికి చేరేసరికి గరిష్ఠంగా ఎన్ని ఏరుకొని ఉండగలను? ఆ చెట్టుకు పైనుంచి గాని ఎడమ నుంచి గాని రావాలి. ఆ రెండింటిలో పెద్ద విలువకు ఈ చెట్టు పండ్లు కలిపితే జవాబు. అలా నింపుకుంటూ పోతే:

2   7   10
5   8   12
9   15  16

చివరి గడిలో 16. ఒక్కో గడికి ఒక పోలిక, ఒక కూడిక. తోట ఇరవై ఇరవైలైనా 400 గడులే. కాగితం మీద ఓపికగా చేసెయ్యవచ్చు. దీన్ని డైనమిక్ ప్రోగ్రామింగ్ అంటారు. 1950లలో అమెరికన్ గణితవేత్త రిచర్డ్ బెల్‌మన్ దీనికి ఆ పేరు పెట్టాడు. ఎనిమిదో తరగతి పిల్లకు కూడిక, పెద్దది ఏదో పోల్చడం వస్తే చాలు, ఇది అందుతుంది. అంతర్జాతీయ పోటీలో కూడా ఇదే ఆలోచన రకరకాల వేషాల్లో ఎదురవుతుంటుంది.

భాష సంగతి

అంతర్జాతీయ పోటీ జరిగే ముందు రాత్రి ఒక విశేషం ఉంటుంది. ప్రశ్నల్ని జట్టు నాయకులు ముందు రోజు సాయంత్రమే మొదటిసారి చూస్తారు. అందరూ కూర్చుని చర్చించి ఆమోదించాక, ఎవరి భాషలోకి వారు అనువాదం చేసుకుంటారు. ఒక్కోసారి తెల్లవారుతుంది. ఆ సమయంలో వాళ్లకూ పిల్లలకూ మధ్య మాటామంతీ ఉండదు. తెల్లారి పిల్లవాడి బల్ల మీద ప్రశ్నపత్రం అతని భాషలో ఉంటుంది. పరీక్షించవలసింది ఆలోచనను గాని ఇంగ్లీషును కాదన్నది అక్కడ అందరూ ఒప్పుకున్న నియమం. యెర్షోవ్ బడిపిల్లల రాత పద్ధతిని రష్యన్ మాటల్లో పెట్టడం వెనక కూడా అదే ఉంది.

మన దగ్గర ఆ పని మనమే చెయ్యాలి. జోనల్ పరీక్ష ప్రశ్నలు చదివి చూస్తే లెక్క కన్నా ముందు మాటలే అడ్డం పడతాయి. 'ఎట్ మోస్ట్' అంటే అంతకు మించకుండా, 'ఎట్ లీస్ట్' అంటే అంతకు తగ్గకుండా. తెలుగులో చెబితే ఏ పిల్లా తికమకపడదు. ఇంగ్లీషులో చదివితే తెలుగు మాధ్యమం పిల్లలే కాదు, ఇంగ్లీషు మాధ్యమం పిల్లలు కూడా తారుమారు చేస్తారు. 'ఎడ్జసెంట్' అంటే పక్కపక్కన, 'డిస్టింక్ట్' అంటే ఒకటి లాంటిది ఇంకోటి లేకుండా. ఇలాంటి మాటలు యాభై అరవై ఉంటాయి. నా సలహా ఇది: ప్రతి ప్రశ్ననూ పిల్లలు ఇంగ్లీషులో చదివి, పుస్తకం మూసి, పక్కవాడికి తెలుగులో కథలాగా చెప్పాలి. చెప్పలేకపోతే మళ్లీ చదవాలి. చెప్పగలిగాకే కలం పట్టాలి.

మన బడిలో ఏం చెయ్యవచ్చు

ముందుగా ఎవరితో మొదలుపెట్టాలన్నది తేల్చుకోవాలి. మన రెండు రాష్ట్రాల్లో ఇంటర్మీడియట్‌కు వచ్చేసరికి లెక్కల్లో చురుకైన పిల్లలందరూ ఐఐటీ కోచింగుల్లో ఉంటారు. వాళ్లకు ఆదివారం కూడా ఉండదు. కాబట్టి ఏడు, ఎనిమిది తరగతుల్లోనే మొదలుపెట్టాలి. ఓ పన్నెండు మంది చాలు. అందులో సగం మంది ఆడపిల్లలు ఉండేలా చూడాలి. ప్రపంచవ్యాప్తంగా ఈ పోటీల్లో ఆడపిల్లలు తక్కువగా ఉంటున్నారనే 2021లో జూరిచ్‌లో అమ్మాయిల కోసం ప్రత్యేకంగా ఐరోపా ఒలింపియాడ్ మొదలుపెట్టారు. మనం ఆ కొరతను మొదట్లోనే లేకుండా చూసుకోవచ్చు.

జూన్ నుంచి శనివారం సాయంత్రాలు గంటన్నర. మొదటి రెండు నెలలు చింతపిక్కలు, ముగ్గులు, గళ్ల కాగితం. ఆగస్టు నుంచి పాత జోనల్ ప్రశ్నపత్రాలు. అవి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వారానికి ఒక్క ప్రశ్న చాలు. మూడు భాగాలూ సరిపోయేదాకా దాన్ని వదలకూడదు. పిల్లలు ముగ్గురు ముగ్గురుగా కూర్చోవాలి. ఒకరు పద్ధతి చెబితే, రెండోవారు పెన్సిలుతో నడిపి చూడాలి, మూడోవారు తప్పు పట్టాలి. మరుసటి వారం పాత్రలు మారాలి. అసలు పరీక్షలో ఎవరికి వారే రాయాలి గాని, నేర్చుకునే రోజుల్లో తన ఆలోచనను ఇంకొకరికి ఒప్పించడం కన్నా మంచి సాధన లేదు. పరీక్ష గండం దాటిన పిల్లలకు అప్పుడు సి ప్లస్ ప్లస్ మొదలుపెట్టాలి. అంతర్జాతీయ పోటీలో ఒకప్పుడు పాస్కల్, తర్వాత జావా కూడా ఉండేవి, ఇటీవలి సంవత్సరాల్లో అదొక్కటే మిగిలింది. ఆ దశలో యంత్రాలు కావాలి. ఇప్పుడు ల్యాబ్‌లో ఉన్నవి ఆ పన్నెండు మందికీ సరిపోతాయి.

పోటీ రోజుకు కూడా పిల్లల్ని సిద్ధం చెయ్యాలి. అంతర్జాతీయ పోటీలో అసలు పరీక్షకు ముందు ఒక అభ్యాస సమావేశం పెడతారు. పిల్లలు తమ కుర్చీ, తెర, మీటలు అలవాటు చేసుకుంటారు. అనుమతి తీసుకుని సొంత కీబోర్డు తెచ్చుకునేవారు కూడా ఉన్నారు. కొత్త చోటు బెదురు ముందురోజే తీరిపోవాలని ఈ ఏర్పాటు. మన పిల్లల విషయంలో ఆ బెదురు ఇంకా ఎక్కువ. పరీక్షా కేంద్రం పట్నంలో, పక్క బల్ల మీద పెద్ద పేరున్న బడి పిల్లలు. అందుకని అక్టోబరులో రెండుసార్లు, వేరే బడి గదిలో, గడియారం పెట్టి, పూర్తి పరీక్ష రాయించాలి. మొదట నాలుగు ప్రశ్నలూ చదవాలి. ఏది తెలుగులో తేలిగ్గా చెప్పుకోగలరో దానితో మొదలుపెట్టాలి. ఇచ్చిన ఉదాహరణను చేత్తో చేసి, జవాబు సరిపోయాకే ముందుకు పోవాలి. నాలుగు ప్రశ్నల్లో తలా ఒక భాగం చేస్తే వచ్చేది 20, ఒక్క ప్రశ్న పూర్తిగా చేసినా 20. ఈ లెక్క పిల్లలకు ముందే తెలిసి ఉండాలి.

దీనివల్ల సీటు వస్తుందా అని తల్లిదండ్రులు అడుగుతారు. అడగడంలో తప్పులేదు. శిక్షణ శిబిరం దాకా వెళ్లిన పిల్లలకు చెన్నై మేథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ప్రవేశానికి దారి ఉంది. కాని అంతదాకా వెళ్లేవారు దేశం మొత్తం మీద కొద్దిమందే. మన పన్నెండు మందిలో ఒక్కరు కూడా వెళ్లకపోవచ్చు. ఆ సంగతి తల్లిదండ్రులకు మొదటిరోజే చెప్పాలి. మిగిలినవారికి దక్కేది వేరు. ఒక చిక్కును చిన్న ముక్కలుగా విడగొట్టడం, తన పద్ధతి ఎందుకు సరైందో చెప్పగలగడం, తప్పు దొరికితే సిగ్గుపడకుండా వెనక్కి వెళ్లి దిద్దుకోవడం. నేను పనిచేసే రంగంలో కొత్తగా చేరే ఇంజనీర్లలో ఎక్కువమందికి భాషలు, పరికరాలు వచ్చు. ఈ మూడే కరువు.

కార్యవర్గానికి నా మనవి ఇది. స్వర్ణోత్సవ నిధిలో ల్యాబ్‌కు అనుకున్న మొత్తంలో ఒక భాగం పక్కనపెట్టి, ఐదేళ్లపాటు ఈ శనివారం తరగతి నడపడానికి కేటాయించండి. లెక్కల మాస్టారికో టీచరుకో గౌరవ వేతనం, పిల్లలకు గళ్ల పుస్తకాలు, సాయంత్రం పలహారం, పరీక్షా కేంద్రానికి బస్సు ఖర్చులు, అంతే. మనలో కంప్యూటర్ రంగంలో ఉన్నవాళ్లం, ఏ దేశంలో ఉన్నా, నెలకో శనివారం వంతు వేసుకుని వీడియోలోనో స్వయంగానో పాఠం చెప్పగలం. మొదటి సంవత్సరం జూన్, జూలై శనివారాలు నేను బడికి వచ్చి నడుపుతాను. ఆగస్టు నుంచి వంతులకు పేర్లు కావాలి. వచ్చే సర్వసభ్య సమావేశంలో దీన్ని చర్చకు పెట్టవలసిందిగా కోరుతున్నాను.